అవసరం లేదన్న స్కూలు

ఏప్రిల్ 6

సౌకార్‌పేటలో బేరింగుల షాపు ముఖేష్ ఏటా నాకొక డైరీ ఇస్తాడు. నేను రిటైరై పదకొండేళ్లయినా మానలేదు. అన్నీ అటక మీద ఉన్నాయి. ఒక్కదాంట్లో గీత పడలేదు. ఇవాళ ఈ ఏటిది దించాను. పని పడింది.

పని ఇచ్చింది కోడలు చంద్రకళ. రెండు గవర్నమెంటు స్కూళ్లు చూసి రావాలి. ఒకటి ఇక్కడే వ్యాసర్పాడిలో, మా ఇంటికి పది నిమిషాల నడక. రెండోది అంబత్తూరులో, కొడుకూ కోడలూ ఉద్యోగాలు చేసే చోటికి దగ్గర. మనవరాలు హైందవికి ఐదో తరగతి అయిపోతోంది. ఆరు నుంచి పన్నెండు దాకా గవర్నమెంటు స్కూల్లో చదివిన పిల్లలకు డాక్టరు సీట్లలో వేరే వాటా ఉంది. అంటే ఏడేళ్లు ఒకే చోట పాతుకోవాలి. ఏ స్కూలు నచ్చితే దాని పక్కన కాపురం.

వాళ్లు హైదరాబాదు నుంచి వచ్చి పది నెలలు. "స్కూలు తేలేదాకా నీ దగ్గర ఉంటాం నాయనా" అన్నాడు శివరామ్. ఉంటున్నారు. ఇల్లు సంతలా ఉంది. నాకు ఒంటరిగా ఉండడమే అలవాటు. మా ఆవిడ పంకజం పోయాక నాలుగేళ్లు ఉన్నాను, ఏం అరిగిపోలేదు.

చంద్రకళది ఒంగోలు. తమిళం రాదు. శివరామ్‌ది నైట్ షిఫ్టు, పగలు పడుకుంటాడు.

"మీరైతే వాళ్లతో మాట్లాడగలరు మామయ్యా. చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాత నాకు చదివి చెబుదురు గాని" అంది.

"నాకు రాయను వచ్చునా రాదా అని అడగవా?"

"మీ సంతకం చూశాగా. ముత్యాల్లా ఉంటుంది."

మనిషిని ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన పిల్ల. నేను చదివింది ఐదు. అదీ తెలుగు మీడియం. నలభై ఒక్క ఏళ్లు లేత్ మిషను మీద నిలబడ్డాను. వెంట్రుకలో సగం తేడా వేలితో చెప్పేవాణ్ణి. స్కూలు ఎంత?

ఏప్రిల్ 8

వ్యాసర్పాడి స్కూలు.

అక్కడ మాటలన్నీ తమిళంలో జరిగాయి. నాకు తమిళం రాయడం రాదు, తెలుగులో పెడుతున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఏం పెరియవరే, రేషన్ షాపు పక్క వీధి" అన్నాడు. పెద్దాయనా అంటూనే ఎకసెక్కం. "రేషన్‌కి రాలేదు. మీ స్కూలును పరీక్ష చెయ్యను వచ్చినా" అన్నాను. దారి వదిలాడు.

హెడ్ మిస్ట్రెసు పేరు జెబ. యాభై దాటి ఉంటాయి. కూర్చోమంది. నేను నోరు తెరిచేలోపు ఆయా వచ్చి చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ లేచి, గొడుగు తీసుకుని, "ఇప్పుడే వస్తానయ్యా" అని వెళ్లిపోయింది. నలభై నిమిషాలు! డెబ్బై రెండేళ్ల మనిషిని బల్ల ముందు కూర్చోబెట్టి. చెమటలు కక్కుతూ వచ్చింది, చేత్తో ఒక పిల్లను పట్టుకుని. ఎనిమిదో తరగతి పిల్లట, మూడు రోజులుగా రావడం లేదట, వెనక వీధిలో ఇంటికి పోయి తానే తెచ్చిందట. ఆ పిల్లను తన గదిలోనే బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించింది. తర్వాత గానీ నా వైపు తిరగలేదు. ఇది రాసి పెట్టుకోవాలి. మైనస్.

మా ఫ్యాక్టరీలో గో-నోగో గేజీ అని ఒకటి ఉండేది. దాని ఒక కొన రంధ్రంలోకి పోవాలి, రెండో కొన పోకూడదు. రెండూ జరిగితే సరుకు పాసు. ఇంక చర్చ లేదు. స్కూలుకు కూడా అట్లాంటిది ఒకటి కావాలని దారిలో ఆలోచించాను. దొరికింది. ఆడపిల్లల బాత్రూం తలుపు గొళ్లెం. లోపల వేస్తే పడాలి. బయటి నుంచి తోస్తే రాకూడదు.

"అందరూ పదో తరగతి పాసు పర్సెంటేజీ అడుగుతారు. మీరు గొళ్లెం అడుగుతా ఉండారే" అంది జెబ టీచరు.

"పర్సెంటేజీ బోర్డు మీద రాసుండాది. గొళ్లెం రాయలేదు."

ఆవిడ నవ్వలేదు. పిల్లలంతా ఇంటికి పోయేదాకా ఆగి, తాళాలు తీసుకుని తానే ముందు నడిచింది. ఎనిమిది తలుపులు. ఆరు పాసు, రెండు ఫెయిలు. ఆ మాటే చెప్పాను.

"తెలుసు. బాగు చేయించమని మూడుసార్లు రాసినాను" అంది. దాచలేదు.

పాసు ఎనభై మూడు. సైన్సు ల్యాబు అని ఒక గది ఉంది, సగం కుర్చీలే. పిల్లకు తమిళం అంతంత మాత్రమే అంటే, మేం నేర్పిస్తాం అంది. ఎప్పుడు చేర్చాలని అడిగాను.

"ఒణ్ణుం అవసరం ఇల్లైంగ. మే ముప్పై దాకా చేర్చుకుంటాం."

గేటు బయటికొచ్చి చంద్రకళకు ఫోను చేశాను. లారీల హోరు. "జెబ టీచరమ్మ అవసరం లేదనిందమ్మా" అని గట్టిగా చెప్పాను. "అలాగా మామయ్యా, సరే లెండి" అని పెట్టేసింది. ఆఫీసులో పని మీద ఉన్నట్టుంది.

వానాకాలం సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ రాయడం లేదు.

ఏప్రిల్ 10

అంబత్తూరు స్కూలు. ఫ్యాక్టరీకి పోను నలభై ఒక్క ఏళ్లు ఎక్కిన రైలే ఎక్కాను.

కొత్త రంగు. ప్రతి క్లాసులో గోడకు పెద్ద టీవీ లాంటి బోర్డు. ల్యాబులో ఒక్కో పిల్లకు ఒక్కో బల్ల. హెడ్ మాస్టరు కాఫీ ఇచ్చాడు, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు, ఎక్కడికీ లేచిపోలేదు. పాసు తొంభై ఆరు. గొళ్లేలు పది. పదీ పడ్డాయి. కొత్తవి కాబట్టి పడ్డాయి. కొత్త గొళ్లెం ఎవరిదైనా పడుతుంది.

గేటు ముందు లారీలు. (మా స్కూలు ముందూ లారీలున్నాయి. అవి తెలిసిన లారీలు.)

మరీ అంత శుభ్రంగా ఉంటే పిల్లలు తిరుగుతున్నారా లేదా అని అనుమానం వస్తుంది.

ఏప్రిల్ 11

గొళ్లెం అరిగాక చూడాలి. అప్పుడు తెలుస్తుంది.

ఏప్రిల్ 13

ఆదివారం. చంద్రకళ బెండకాయలు తరుగుతూ అడిగింది. "మామయ్యా, అంబత్తూరులో ఒక ఇల్లు చెబుతున్నారు. మీరు మెట్లు ఎక్కలేరుగా. మీకు కింద గది ఉండేట్టు చూడమంటారా?"

"అవసరం లేదమ్మా" అన్నాను.

స్కూలే తేలలేదు, ఇంక గది గొడవ ఇప్పుడే ఎందుకు? నా పుస్తకం ఇంకా చదివి చెప్పనే లేదు. ఈ కాలం వాళ్లకు అన్నీ తొందరే.

ఆ పిల్ల తల దించుకుని తరుగుతూనే ఉంది. వేలు తెగిందేమో, ముక్కు ఎగబీల్చింది.

ఏప్రిల్ 16

ఫ్రిజ్ మీద కాగితం అతికించి ఉంది. రెండు స్కూళ్ల పేర్లు. మా స్కూలు మీద అడ్డంగా గీత.

నన్ను అడగలేదు. పుస్తకం చదవమని కూడా అనలేదు. పనోడు కొలత చెప్పకముందే సరుకు తిప్పి పంపినట్టు.

నేనూ అడగలేదు. అడగడం నా ఒంట్లో లేదు.

ఏప్రిల్ 18

వీధి మొదట్లో ఇడ్లీలు అమ్మే పొన్నుతాయి మాతో తెలుగే మాట్లాడుతుంది, పంకజం పోయిన నాలుగేళ్లూ నాకు పొద్దుటి పూట పెట్టిన మనిషి. ఇవాళ కూరలకు పోతుంటే పిలిచింది.

"ఏమయ్యా, నా కడకు మళ్లీ గిరాకీ వస్తా ఉండాదంటనే?"

"ఎవరు?"

"నువ్వే. నీ కోడలు అంబత్తూరులో ఒకే గది ఇల్లు చూసిందంట. మామ రానన్నాడని చెప్పింది. నీకు పొద్దున ఇడ్లీ పెట్టమని నన్నే అడిగి పోయింది. కళ్లు ఎర్రగా ఉండాయి పాపం."

కళ్లు ఎర్రగా ఎందుకుండవు, రాత్రీ పగలూ కంప్యూటరు చూస్తే.

రానన్నానట! ఎప్పుడన్నాను? ఒద్దనుకున్నవాళ్లు ఏదో ఒక మాట మన నోట్లో పెడతారు.

మంచిదే. నాకు గోల పడదు. టీవీ నా ఇష్టం వచ్చినప్పుడు పెట్టుకోవచ్చు.

ఏప్రిల్ 25

తల్లీ కూతుళ్లు సెలవులకు ఒంగోలు పోయారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. బాగా నిద్ర పట్టింది.

ఏప్రిల్ 26

పట్టలేదు.

ఏప్రిల్ 28

హైందవి ఫోను చేసింది. "తాతా, నా తొట్టిలో తులసికి నీళ్లు పోసినావా?" అంది. ఈడకు వచ్చిన కొత్తలో 'పోశారా' అనేది. పది నెలల్లో మా మాట వచ్చేసింది. తమిళం కూడా, వీధిలో పిల్లలతో ఆడి ఆడి.

రోజుకు రెండుసార్లు పోస్తున్నాను. చస్తుందేమో.

మే 3

ఇవాళ్టిది పూర్తిగా రాస్తాను. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

తల్లీ కూతుళ్లు నిన్న ఒంగోలు నుంచి వచ్చేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చంద్రకళ సంచిలో ఆధార్ కాపీలు సర్దుతోంది. రేపు అంబత్తూరు ఇల్లు ఖాయం చేసుకోవడానికి పోతారట. నేను ఊరుకోవాల్సింది. నోరు ఊరుకోలేదు.

"ఈ స్కూలుకు ఏం తక్కువని కొట్టేసినావమ్మా?"

ఆ పిల్ల విస్తుపోయి చూసింది. "నేనెక్కడ కొట్టేశాను మామయ్యా? వాళ్లే అవసరం లేదన్నారని మీరేగా ఫోను చేసి చెప్పారు!"

"అవును, అవసరం లేదనింది. నేనే చెప్పినా. దానికి కొట్టేస్తారా?"

"అవసరం లేదన్నచోట పిల్లని తీసుకెళ్లి ఎలా చేరుస్తాం?"

"అవసరం లేదు కాబట్టే కదమ్మా చేర్చేది!"

"ఇదేం మాట మామయ్యా? మీరు మాత్రం? గది చూడమంటారా అంటే అవసరం లేదనలా?"

"అన్నా. లేదు కాబట్టి లేదన్నా. ఇప్పుడూ లేదనే అంటా ఉండా!"

కళ్లనీళ్లు పెట్టుకుంది. "మాతో రావడం మీకంత కష్టమా?"

"రానని ఎవడన్నాడు?"

"మీరే!"

"నేనా?"

హైందవి నేల మీద బొమ్మ గీసుకుంటూ నా మొహం ఒకసారి, వాళ్లమ్మ మొహం ఒకసారి చూస్తోంది. ఉన్నట్టుండి పెన్సిలు పారేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయ్యో అమ్మా! తాతకు అవసరం అంటే అర్జెంటు! తమిళ్‌లో అంతే. మా మిస్సు రోజూ అంటుంది, 'అవసర పడాదే' అని. అంటే తొందరపడొద్దు. నీకేమో అవసరం అంటే కావాలి అని. తాత అర్జెంటు లేదంటే నువ్వు అక్కర్లేదు అనుకున్నావు!"

ఇద్దరం నోరు తెరుచుకుని నిలబడ్డాం.

జెబ టీచరు తొందర లేదంది. ఈ పిల్ల, స్కూలు వాళ్లు మాకు మీ పిల్ల అక్కర్లేదన్నారని వింది. నేను గదికి తొందర లేదన్నాను. ఈ పిల్ల, నాకు మీ గదే అక్కర్లేదన్నానని వింది. డెబ్బై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఆ మాట నేను ఒక్క అర్థంతోనే వాడాను. మా అమ్మా అంతే, పంకజమూ అంతే. అది తమిళం వాళ్ల అర్థమని నాకెవరూ చెప్పలేదు. తెలుగే అనుకున్నాను.

"ఇన్నాళ్లూ మీకు మేమంటే గిట్టడం లేదనుకున్నాను మామయ్యా" అంది చంద్రకళ. నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. "మీరు రానంటున్నారని ఆయనతో చెబితే, నాయనంతే, మొండి అన్నారు."

"మొండే. అయితే రానని అనలేదు."

శివరామ్ లుంగీ సర్దుకుంటూ గదిలోంచి వచ్చాడు. "ఏంది గోల?"

"నీ తప్పే అంతా. ఈ ఊళ్లో పుట్టినోడివి, నీకైనా తట్టొద్దా?" అన్నాను. వాడు ఏం అర్థం కాక మళ్లీ పోయి పడుకున్నాడు.

గుండెల మీది నుంచి ఇనుప దిమ్మె దించినట్టుంది. ఈ మాట ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

మే 4

అంబత్తూరు ఇంటాయనకు ఆగమని చెప్పారు. సాయంత్రం చంద్రకళ కాగితం కొత్తగా గీసింది. "ఇప్పుడు మీ పుస్తకం చదవండి మామయ్యా. మళ్లీ మొదటి నుంచి."

ఈసారి దాచకుండా చెప్పాను. అంబత్తూరు ల్యాబు బాగుంది. గొళ్లేలు కొత్తవైనా మంచివే. పాసు తొంభై ఆరు. మా స్కూలు దగ్గర వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, ఒక్కో ఏడు నాలుగైదు రోజులు మూసేస్తారు. చెబుతుంటే నోరు చేదుగా ఉంది. కాగితం మీద అంబత్తూరు వైపు ప్లస్‌ల వరుస పెరుగుతూనే ఉంది. అయితే ఏం, నాకూ గది ఉందిగా. ఎక్కడైనా పడుంటా అనుకున్నాను.

"ఇంకేమైనా రాశారా?"

"ఇంకొక మైనస్ ఉండాది" అని కూడబలుక్కుంటూ చదివాను. జెబ టీచరు గొడుగు తీసుకుని పోయింది, నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టింది, ఎనిమిదో తరగతి పిల్లను తెచ్చింది.

చంద్రకళ పెన్ను ఆగింది. "మళ్లీ చదవండి."

చదివాను.

"ఆ స్కూల్లో పిల్లలెంతమంది?"

"ఎనిమిది వందల పైన."

"అంతమందిలో ఒక్క పిల్ల మూడు రోజులు రాకపోతే హెడ్ మిస్ట్రెస్ వాళ్లింటికి నడిచి వెళ్లిందా?"

"పోయింది, నన్ను కూర్చోబెట్టి."

"దీన్ని మైనస్ అని రాశారా మామయ్యా?"

నేను పుస్తకం వైపు చూశాను. నా రాతే.

"పక్క రాష్ట్రం పిల్ల. భాష అంతంత మాత్రం. ఏదో ఒక రోజు మూల కూర్చుని ఏడుస్తుంది. ల్యాబు లేకపోతే సెలవురోజున నేనే ఎక్కడికైనా తీసుకెళ్లి చూపిస్తా. వానొస్తే ఎత్తుకుని తీసుకెళ్తాం. వెతుక్కుంటూ వచ్చే మనిషిని మాత్రం నేనెక్కడి నుంచి తేను?" అంది.

అంబత్తూరు పేరు మీద గీత కొట్టేసింది. ఏడేళ్లూ ఇక్కడే.

నలభై ఒక్క ఏళ్లు కొలిచినవాణ్ణి. ఆ రోజు గేజీ నా ఎదురుగా గొడుగేసుకుని నడుస్తుంటే, నేను గొళ్లెం పట్టుకుని కూర్చున్నాను.

మే 5

పొన్నుతాయికి చెప్పాను, గిరాకీ రావడం లేదని.

"పోతే పోయిందిలే అయ్యా. నీ అంత వంకలు పెట్టే గిరాకీ నాకెందుకు?" అని రెండు వడలు పొట్లం కట్టి ఇచ్చింది. "పిల్లకు. నీకు కాదు."

దారిలో ఒకటి తిన్నాను.

మే 7

అప్లికేషను ఇచ్చి వచ్చాం. చంద్రకళ ఆఫీసుకు సెలవు పెట్టింది. నా సంచి బరువు చూసి జెబ టీచరు అడిగింది, "పత్రాలు తెచ్చినారా, ఇంకేమైనా తెచ్చినారా?"

"రెండూ" అన్నాను. ఆకురాయి, స్క్రూ డ్రైవరు, రెండు కొత్త గొళ్లేలు.

రెండు తలుపులూ గంటలో అయిపోయాయి. లోపల వేస్తే పడుతోంది, బయటి నుంచి తోస్తే రావడం లేదు. ఎనిమిదికి ఎనిమిది పాసు.

టీసీ ఇంకా రాలేదని చంద్రకళ కంగారుపడితే, టీచరు ఆమె చెయ్యి తట్టి, "అవసరం ఇల్లైమ్మా" అంది. చంద్రకళ నా వైపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి పోయింది. టీచరుకు ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పలేదు. ఇంటి సంగతి.

మే 19

తులసి చావలేదు.

జూన్ 2

స్కూలు తెరిచారు. హైందవి పొద్దున వెనక్కి కూడా చూడకుండా లోపలికి పోయింది. యూనిఫారం ఒక సైజు పెద్దది. ఏడేళ్లు ఉందిగా, నిండుతుంది.

నాలుగింటికి బెల్లు. నేను మూడింటికే గేటు దగ్గర నిలబడ్డాను. ఇంట్లో చెయ్యడానికి ఏం పని లేక.

వాచ్‌మన్ కుర్చీ ఇటు జరిపాడు. "ఏం పెరియవరే, ఇంకా గంట ఉంది. అప్పుడే ఏం అవసరం?"

ఏం తొందర అనే అడిగాడు. తమిళం మనిషి, వాడి భాషలో అంతే. నేను మాత్రం ఈసారి తెలుగులో విన్నాను.

"అవసరమే" అన్నాను. కుర్చీలో కూర్చున్నాను.